రేడియేటర్‌లో ఆవపిండి

సైబీరియాలోని యాకుత్స్క్‌లో ముసలి మెకానిక్ అఫనాసీకి ఆ చలికాలానికి మిగిలిన ఒకే ఒక్క ఖాతాదారు, అద్దె వ్యాను నడిపే నికీఫర్. బయట మైనస్ యాభై. వ్యానులో వేడి రావడం లేదనీ, ప్రయాణికులు తిట్టి దిగిపోతున్నారనీ అతను మొరపెట్టుకున్నాడు.

అఫనాసీ హీటరు గొట్టాలు రెండింటినీ వైద్యుడు నాడి పట్టినట్టు పట్టుకున్నాడు. ఒకటి కాలుతోంది, రెండోది గడ్డకట్టినట్టుంది. ఊడదీస్తే పచ్చటి ముద్ద జారింది.

"ఆవపిండి! లీకు ఆపడానికి రేడియేటర్‌లో ఇది పోసిన గాడిద ఎవడ్రా? లీకుతో పాటు హీటరూ పూడుకుపోయింది!"

"మొన్న సెప్టెంబరులో మీరే పోశారు బాబాయ్. మీ నాన్నగారి వైద్యం అన్నారు."

అఫనాసీ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "రోగం మాత్రం సరిగ్గా కనిపెట్టానా లేదా?"

"కనిపెట్టారు," అని నికీఫర్ గొట్టం తిరిగి తగిలించి, వ్యానును ఎదుటి మెకానిక్ షెడ్డుకు తోలుకుపోయాడు.

అఫనాసీ ఆవపిండి సంచి మూతి జాగ్రత్తగా కట్టాడు.