ఇద్దరూ మగపెళ్లివారే

తొంభైల మొదట్లో సూర్యాపేటలో గది కిరాయికి తీసుకుని, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ని. రోజూ బస్సులో వెళ్లి రావడమే. మూడేళ్లయినా ఉద్యోగం తాత్కాలికమే. బస్సులోనూ కాలేజీలోనూ నాకు సీటు దొరకలేదు.

ఆ వానాకాలం, కోదాడ నుంచి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు పిలిచారు.

"బోర్డు మీద బొమ్మలు చాలండీ మాస్టారూ. పిల్లలకి బతికున్నదేదన్నా చూపించండి. శనివారం నేనూ వచ్చి కూర్చుంటా. బాగుంటే మిమ్మల్ని పర్మనెంటు చేయమని రాస్తా."

నేను నత్తల పాఠం ఎంచుకున్నాను. తోటనత్తలో ఆడా, మగా ఒకే ఒంట్లో ఉంటాయి. రెండు కలిసినప్పుడు ప్రతిదీ బీజం ఇవ్వాలనే చూస్తుంది. గుడ్లు మోసే కష్టం అవతలిదానికి అంటగట్టాలనుకుంటుంది. కొన్ని జాతులైతే తన బీజమే నిలవాలని అవతలిదాని ఒంట్లో సున్నపు ముల్లు కూడా గుచ్చుతాయి. "ఈ పెళ్లిలో ఇద్దరూ మగపెళ్లివారే. లాంఛనాలు అడిగేవాళ్లే గాని ఇచ్చేవాళ్లుండరు" అని క్లాసులో అనడానికి ఒక వాక్యం తయారుచేసుకున్నాను. పాఠం కన్నా ముందు జోకు సిద్ధం కావడం నాకున్న జబ్బు.

వేములపల్లి నుంచి ఒక అవ్వ మా ల్యాబులో కోతకు పొలం నత్తలు తెచ్చేది. ఆమె బకెట్లోంచి రెండు తీసి గాజుతొట్టిలో వేశాను. ఏ రెండైనా జంటే కదా అని, ఏరి చూడలేదు. శనివారం క్లాసంతా తొట్టి చుట్టూ చేరింది. నత్తలు చెరో మూల మూతలు బిగించుకుని కూర్చున్నాయి. అరగంట గడిచింది. అప్పుడే బకెట్‌తో వచ్చిన అవ్వ తొంగిచూసింది.

"ఏం జేస్తున్నవ్ సారూ?"

"కలుస్తాయేమోనని చూస్తున్నాం అవ్వా."

"ఎట్ల కలుస్తయ్? రెండు మొగయే గద! ఆడదైతే జర లావుగ, గుండ్రంగుంటది. నన్నడిగితే ఒకటి ఏరి ఇయ్యకపోదునా?"

క్లాసు గొల్లుమంది. నిజమే, పొలం నత్తల్లో ఆడ వేరు, మగ వేరు. ఎమ్మెస్సీలో నేను కోసింది ఆ నత్తనే. మార్కులొచ్చిందీ దానికే.

"వచ్చే శనివారం చూద్దాం లెండి" అన్నారు ప్రిన్సిపాలు.

ఆ శనివారం పొద్దున మా నీళ్ల గోలెం పక్కన తడిగోడ మీద చిప్పలేని నత్తలు రెండు మెలివేసుకుని కనిపించాయి. ఇవి అసలైన ఉభయలింగులు! తడి ఆకులో పెట్టి టిఫిన్ డబ్బాలో వేసుకుని బస్సెక్కాను. చిత్రంగా బస్సులో సీటు కూడా దొరికింది. మిర్యాలగూడలో మూత తీస్తే చెరో మూల ఉన్నాయి. వ్యవహారం దారిలోనే ఖతం.

ప్రిన్సిపాలు డబ్బాలోకి చూసి, "ఇవీ మగవేనా మాస్టారూ?" అన్నారు.

"కాదండీ, రెండూ రెండూనూ" అన్నాను. ఆ మాట నాకే నమ్మకంగా వినిపించలేదు.

పంతం పట్టి వాటిని చెరో సీసాలో పెంచాను. కొన్నాళ్లకు రెండు సీసాల్లోనూ గుడ్లు! మగపెళ్లివారిద్దరూ పురుడు పోసుకున్నారు. మర్నాడే పట్టుకెళ్లి ప్రిన్సిపాలు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"భలే ఉందండీ. కానీ పర్మనెంటు కాగితం నిన్ననే పంపేశాను. కెమిస్ట్రీ ఆయన పేరు రాశాను."

సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. రెండు చేతుల్లో రెండు సీసాలు. పైన కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, సూర్యాపేట దాకా పక్కవాళ్ల మీద పడుతూనే వచ్చాను.