రొట్టెల బండిలో ఈల

స్మోల్యాన్ ఊరి చివర, కొండ వాలున, జప్ర్యాన్ షెడ్డు ఉండేది. కారులో రేడియో గొణిగినా, స్పీకరు బుసకొట్టినా జనం అక్కడికే పట్టుకొచ్చేవాళ్లు. కుర్రతనంలో అతను పెళ్లిళ్లకి గైదా వాయించేవాడు. మేకతోలు తిత్తిని చంకలో పెట్టి నొక్కితే ఒక గొట్టం పాట పలికేది, ఇంకోటి అడుగు నుంచి ఒకే శ్రుతి పట్టుకుని ఉండేది. కానీ ఏళ్లతరబడి కార్లలో రొద వెతికీ వెతికీ అతని చెవికి వింత జబ్బు పట్టుకుంది. ఏది విన్నా అందులో తప్పే వినిపించేది. చర్చి గంటలో పగులు, పక్కింటివాళ్ల నవ్వులో జీర. అక్క కూతురి పెళ్లిలో పాట మధ్యలో ఆపేసి, "డోలు తోలు వదులైంది" అని గైదా కింద పెట్టేశాడు. మళ్లీ ముట్టుకోలేదు.

"దేవుడు నీకు చెవులిచ్చాడు గానీ వినడం ఇవ్వలేదురా" అనేది అక్క వాసా, ఆ పెళ్లి గుర్తొచ్చినప్పుడల్లా.

అక్టోబరులో ఓ ఉదయం, పొగమంచులోంచి రొట్టెల వ్యాను ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. దిగినామె పేరు కెరానా. కొండ మీది పల్లెలకి రొట్టెలు వేస్తుంది. యాభై దాటిన ఒంటరి మనిషి, నోరు మాత్రం నలుగురి పెట్టు.

"మేస్త్రీ, నా రేడియోలో దోమ దూరింది. వార్తలు చదివేవాడు కూడా ముక్కుతో ఏడుస్తున్నాడు."

"ఇంజన్ ఆపితే?"

"గప్‌చుప్. తొక్కేకొద్దీ ఈల లేస్తుంది. ఎత్తు ఎక్కితే కుక్కలు వెంటపడతాయి."

"అయితే దోమ కాదు, ఆల్టర్నేటరు. అది చేసే కరెంటులోని గుర్రు ఎక్కడో పాటలోకి కారుతోంది."

రేడియో నుంచి ఆంప్లిఫయరుకి వెళ్లే తీగలు పీకాడు. ఈల ఆగింది. అంటే ఆంప్లిఫయరు తప్పేం లేదు, ఈల పాటతోబాటే వస్తోంది. రేడియో ఎర్త్ తీగని ఎవరో బండి ఇనుముకి తగలకుండా రంగు మీదే బిగించారు. ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి, తీగలు తగిలించాడు. ఈల సన్నబడింది.

"ఇంకా ఉంది" అన్నాడు.

"నాకు వినబడట్లేదే!"

"నాకు వినబడుతోంది."

"అయితే మీరూ ఎక్కండి. నా రొట్టెలు చల్లారిపోతున్నాయి."

వెనక రొట్టెల బుట్టల మధ్య స్పీకరుకి చెవి ఆనించి కూర్చున్నాడు. దారంతా తెల్లగా కరిగిపోయింది. దేవదారులు ఒక్కొక్కటే మంచులోంచి తేలి వచ్చి, మళ్లీ మునిగిపోతున్నాయి. కెరానా హెడ్‌లైట్లు వేసి ఎత్తు ఎక్కించింది. వెచ్చటి రొట్టె వాసనలో అతనికి కళ్లు మూతలుపడ్డాయి. రేడియోకి సిగ్నల్ పోయింది. ఎత్తులో మళ్లీ లేచిన ఈల మాత్రం మిగిలింది, ఒకే స్థాయిలో, పొడుగ్గా.

కెరానా ఆ ఈలనే శ్రుతిగా పట్టుకుని పాడసాగింది. పాడుతున్నానని ఆమెకే తెలిసినట్టు లేదు. పై స్వరం అందుకునే చోట గొంతు చీలింది. జప్ర్యాన్ అలవాటుగా ఒళ్లు బిగించుకుని, చిరాకు వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. ఆ చీలిక దగ్గరే పాట ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించింది. అది మళ్లీ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్నాడు.

పల్లెలో ఆమె రొట్టెలు దించుతుంటే అతను కాలికింది పట్టా ఎత్తి చూశాడు. పాట తెచ్చే తీగ, బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ ఒకే కట్టలో ఉన్నాయి. లైట్లు వేసి ఎత్తు ఎక్కితే లావు తీగలో రొద పెరిగి పక్కదానికి అంటుకుంటోంది. కట్ట విప్పి, పాట తీగని బండి అవతలి వైపు నుంచి లాగాడు. ఈల పూర్తిగా చచ్చింది.

కొండ దిగుతున్నప్పుడు కెరానా పాట ఎత్తుకుని, రెండు మాటలకే ఆపేసింది.

"ఏమైంది?"

"పట్టుకోడానికి ఏమీ లేదు మేస్త్రీ. బావిలోకి పాడినట్టుంది."

అతను ఖాళీ బుట్టల మధ్య నుంచి ముందుకి జరిగాడు. "మా ఇంట్లో శ్రుతి ఒకటుంది. దానికి తీగలుండవు."

"అది కూడా ముక్కుతో ఏడుస్తుందా?"

"నొక్కితే ఏడుస్తుంది."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో అతనికి తప్పేమీ వినబడలేదు.

గైదా తిత్తి ఎండి బీటలు వారింది. చలికాలమంతా కూర్చుని కొత్త తోలు కుట్టుకున్నాడు. వేళ్లు మొరాయించాయి, తిట్టుకున్నాడు, మళ్లీ పట్టాడు. రొట్టెలు దించాక కెరానా వచ్చి, పొయ్యి పక్కన కూర్చుని, కొండ ఆకుల టీ తాగుతూ పాడేది. మొదటిరోజు వాసా గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఈ మహాతల్లికి గొంతు చీలుతోంది, విన్నావా?" అంది తమ్ముణ్ని ఉడికించాలని.

"విన్నాను" అన్నాడు. "ఆ చీలిక జోలికి వెళ్లకు."

మరుసటి ఏడు ఎండాకాలంలో అతనూ కెరానా పెళ్లి చేసుకున్నారు. డోలువాడు తాగేసి వచ్చాడు, తాళం ఒక్కటీ సరిగా పడలేదు. అయినా జప్ర్యాన్ పొద్దు వాలేదాకా ఆపకుండా వాయించాడు. గడ్డిమైదానంలో జనం చేతులు పట్టుకుని, వంకరటింకర వరసగా, కొండ అంచుదాకా ఆడుతూ వెళ్లారు.