రిజిస్టర్‌లో మల్లయ్య వేలిముద్ర

దయ్యాలంటే నాకు నవ్వు. కెమిస్ట్రీ చెప్పేవాడికి పరీక్షనాళికలో తేలనిది లేనట్టే లెక్క. ఇప్పటికీ నమ్మనంటాను గానీ, ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెంచి అనలేను.

పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. సంగారెడ్డిలో లెక్చరర్‌గా ఉంటూ మొక్కల్లోని విషాల మీద పని చేసేవాణ్ణి. కొండాపూర్ నుంచి మల్లయ్య అనే ముసలాయన వేర్లు, దుంపలు తెచ్చిచ్చేవాడు. ఏది తెచ్చినా రిజిస్టర్‌లో తేదీ, వివరం నేను రాసేవాణ్ణి. పక్కన ఆయన వేలిముద్ర వేసేవాడు. రిజిస్టర్‌లో రాసింది దిద్దకూడదని పిల్లలకు రోజూ నూరిపోసేది కూడా నేనే.

ఒక సోమవారం పొద్దున పదకొండు గంటలకు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మల్లయ్య వచ్చాడు. ఉడికిన దుంప సగం ముక్క బల్ల మీద పెట్టాడు.

"మోకాళ్ళు గుంజుతున్నయని నేనే ఉడకవెట్టుకున్న సారూ. జెర రాసుకో."

తల ఎత్తకుండానే ఆయన అన్నది అన్నట్టే రాశాను. ముద్ర వేసి వెళ్ళిపోయాడు. ఆ ముఖం ఒక్కసారి సరిగ్గా చూడనందుకు ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మధ్యాహ్నం ఎస్సై ఒక కుండ పట్టుకొచ్చాడు. మొక్కల విషమని అనుమానం వస్తే, హైదరాబాద్ పంపేముందు నన్ను అడగడం ఆయనకు అలవాటు.

"మామకు కోడలు ఇసం పెట్టిందంటున్నరు సార్. ఆమెను ఠాణాల కూసోవెట్టినం. కొండాపూర్ మల్లయ్య. శనివారం సచ్చిపోయిండు. నిన్న పోస్టుమార్టం చేయించి బొందవెట్టిన్రు."

పొద్దున ఆయన పెట్టిన దుంప ఇంకా తడిగా బల్ల మీదే ఉంది.

కుండలో మిగిలిన ముక్క మీద నైట్రిక్ ఆమ్లం చుక్క వేస్తే ఊదారంగు తేలింది. బల్ల మీది ముక్క మీదా అంతే. అడవినాభి దుంప. మజ్జిగలో నానబెట్టి ఉడికిస్తే విషం విరిగి కీళ్ళనొప్పులకు మందవుతుందని దుంపలు తవ్వేవాళ్ళ నమ్మకం. రెండు ముక్కలూ దగ్గర పెట్టి చూశాను. కోత అతికినట్టు సరిపోయింది.

ఎస్సై టీ తాగడానికి బయటికి వెళ్ళగానే రిజిస్టర్ తీసి, భూతద్దంతో పాత ముద్రల పక్కన కొత్తది చూశాను. అవే గీతలు. బొటనవేలికి అడ్డంగా అదే కొడవలి గాటు.

కోడలు బయటపడాలంటే ఆ ఒక్క వాక్యమే దారి. కానీ సోమవారం తేదీతో దాన్ని ఎవరు నమ్ముతారు? బ్లేడుతో తేదీ గీకి శుక్రవారం వేశాను. దాని పైన రాసింది గురువారానిది కావడం కలిసొచ్చింది.

ఎస్సై తిరిగొచ్చి రెండుసార్లు చదివాడు.

"గట్లనా. ముసలాయన తనే తిన్నడన్నట్టు."

సాయంత్రానికి ఆమెను ఇంటికి పంపేశారు.

ఆ పొద్దున వచ్చిందెవరో, ఆ ముద్ర ఎలా పడిందో ఇప్పటికీ చెప్పలేను. నా ఉద్యోగం మొత్తంలో రిజిస్టర్‌లో రాసిన అబద్ధం ఆ తేదీ ఒక్కటే. అందరూ నమ్మింది దాన్నే.