జహీరాబాద్ దాటింది

తొంభైల చివర నారాయణగూడలో ఒక కార్ల షోరూములో పనిచేశాను. కాగితం మీద నా ఉద్యోగానికి పెద్ద పేరే ఉండేది. అసలు పని మాత్రం ఒక్కటే. బుక్ చేసిన కారు ఎప్పుడొస్తుందని ఫోన్ చేసేవాళ్లకు జవాబు చెప్పడం. జవాబు కూడా నేను ఆలోచించాల్సిన పని లేదు. చేరిన రోజే మేనేజరు నేర్పించాడు.

"ఎవరు అడిగినా ట్రక్కు జహీరాబాద్ దాటిందని చెప్పు. గంతే. ఎక్కువ మాట్లాడకు."

మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే ట్రక్కు షోలాపూర్, హుమ్నాబాద్ మీదుగా వచ్చి జహీరాబాద్ దగ్గర మన రాష్ట్రంలోకి అడుగుపెడుతుంది. మేనేజరు ఆ ఊరిని ఊరికే ఎంచుకోలేదు. షోలాపూర్ అంటే కస్టమర్‌కు కోపం వస్తుంది. పటాన్‌చెరు అంటే సాయంత్రానికే వచ్చి సోఫాలో కూర్చుంటాడు. జహీరాబాద్ అంటే ఆశా పోదు, వెంటనే బయల్దేరీ రాడు. మాకు రెండు మూడు రోజులు ఊపిరి ఆడుతుంది. మొదటి వారం ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తడబడేది. రెండో నెలకల్లా హలో అన్నంత తేలిగ్గా వచ్చేసింది. చిక్కడపల్లిలో మా ఇంటికి నడిచి వెళ్తూ దాని గురించి ఆలోచించిన గుర్తు కూడా లేదు.

మామూలు కార్లయితే వారం అటూ ఇటుగా వచ్చేవి. చిక్కంతా ఆ ఏడాది వచ్చిన కొత్త స్పోర్ట్స్ కారుతోనే. రెండే సీట్లు. పైన గుడ్డ టాపు, అది మడిచేస్తే నెత్తిన ఆకాశమే. దాన్ని వేరే చోట, చిన్న ఫ్యాక్టరీలో, కొద్దికొద్దిగా తయారుచేసేవాళ్లు. అక్కణ్ణుంచి తెచ్చే ట్రైలర్లో ఆరు బండ్లు పడతాయి. ఆరూ నిండితే గాని ట్రాన్స్‌పోర్టువాడు కదలడు. మా ఊరికి బుక్ అయినవి రెండే. మిగతా నాలుగు ఈ దారిలో ఉన్న ఏదో ఒక ఊరికి బుక్ అయ్యేదాకా మా రెండూ ఫ్యాక్టరీ ఆవరణలో టార్పాలిన్ కప్పుకొని ఉండాల్సిందే. ఈ సంగతి కస్టమర్లకు చెప్పేవాళ్లం కాదు. కొత్త కారు ఎవరికోసమో ఎండలో పడి ఉందంటే ఎవరికి నచ్చుతుంది?

ఆ రెండిట్లో ఒకటి మా లెక్కల సార్‌ది.

ఇంటర్‌లో నాకు లెక్కలు చెప్పారాయన. తప్పు చేస్తే తిట్టేవారు కాదు. "ఏ మెట్టు కాడ తప్పిందో ఎనకకు పోయి నువ్వే చూస్కో" అని నోటుబుక్కు తిరిగి చేతిలో పెట్టేవారు. తిట్టినా బాగుండేదనిపించేది నాకు. రిటైరైన ఏడాది, ఉగాది వెళ్లిన వారానికి, పాత స్కూటర్ మీద షోరూముకు వచ్చి పసుపుపచ్చ రంగు బండి బుక్ చేశారు. జీవితంలో ఆయన కారు కొనడం అదే మొదలు. పనివాళ్లు లోపల్లోపల నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, దాచుకోను. ఆయన నన్ను గుర్తుపట్టి, కళ్లద్దాలు పైకి తోసి ఇంకోసారి చూశారు.

"నువ్వు మూడో బెంచి పిల్లవి కదా! ఇగ నాకు ఫికర్ లేదు. నువ్వు జెప్పిన మాటే నాకు ఖరారు."

వారానికోసారి ఫోన్ చేసేవారు. నేను జహీరాబాద్ చెప్పేదాన్ని. అందరికీ చెప్పినట్టే చెప్పాను, అంతకంటే ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆయన మాత్రం అందరిలా విసుక్కోకుండా "మంచిది బిడ్డా" అని పెట్టేసేవారు.

మృగశిర కార్తె వెళ్లాక ఒకరోజు మధ్యాహ్నం నేరుగా వచ్చారు. నా టేబుల్ ముందు కుర్చీ లాక్కొని కూర్చుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఒక్క మాట అడుగుత, నిజం జెప్పు. బండి ఇంకా ఫ్యాక్టరీలనే ఉంటే నేనే రైలెక్కి పోత. నడుపుకుంట వస్త. రెండు రోజులు పట్టనియ్యి, మూడు రోజులు పట్టనియ్యి, నాకేం తొందర? దారిపొంటి ఆగుకుంట, చాయ్ తాగుకుంట వస్త. అట్ల ఇస్తరా?"

ఇస్తారు. బొంబాయి వాళ్లు కొందరు అలాగే తీసుకెళ్లారని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఉత్తరంలోనే ఉంది. ఆ ఉత్తరం నా సొరుగులోనే ఉంది. పసుపుపచ్చ బండి తయారై మూడు వారాలైందని, లోడు నిండగానే పంపుతామని కూడా అందులోనే రాశారు. సొరుగు హ్యాండిల్ నా మోకాలికి తగులుతోంది. అద్దాల గదిలోంచి మేనేజరు మా వైపే చూస్తున్నాడు. ఒకరు వెళ్లి తెచ్చుకుంటే అందరూ వెళ్తారు, ఇక మనమెందుకిక్కడ అని పొద్దున్నే ఇంకొకరి విషయంలో కేకలేశాడు.

"ఎందుకు సార్ అంత శ్రమ? ట్రక్కు నిన్ననే జహీరాబాద్ దాటింది" అన్నాను.

సార్ మొహం వెలిగిపోయింది. "అట్లనా! అయితె ఈసారి నా బండున్న ట్రక్కే! మరి ఫోన్ల జెప్పకపోతివి!" అని లేచి, మేనేజరుకు కూడా నమస్కారం పెట్టి వెళ్లారు. ఆయన స్కూటర్ చప్పుడు హిమాయత్‌నగర్ వైపు మలుపు తిరిగేదాకా వినిపించింది. నేను రిజిస్టరు తెరిచి పని చూసుకున్నాను.

తర్వాత రెండు నెలలు ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. లోడు నిండలేదు. ఒకసారి ఐదు బండ్లు జమయ్యాయట, అందులో రెండు నాగపూర్ దారి పట్టాయి. సార్ ఫోన్లు తగ్గాయి. శ్రావణంలో రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఆయన సంతకం కావాల్సి వచ్చింది. ఇల్లు అశోక్‌నగర్‌లోనే కదా, ఆదివారం నేనే తీసుకెళ్తానన్నాను.

పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ల మధ్య సందులో పాత డాబా. సార్ పడుకున్నారు. ఆయన భార్య నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి చాయ్ తెచ్చారు. ఎదురుగా గోడకు రోడ్డు మ్యాపు అంటించి ఉంది. దాని మీద పెన్సిల్ చుక్కలు, పక్కన తేదీలు. జహీరాబాద్ దగ్గర చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి నల్లగా మరకైంది. దాని తర్వాత వచ్చే సంగారెడ్డి దగ్గర ఒక్క చుక్క కూడా లేదు.

"నువ్వు ఫోన్ల జెప్పినప్పుడల్లా పెడ్తడు" అన్నారామె. "ఒకరోజైతే బస్సెక్కి పటాన్‌చెరు పోయిండు. పొద్దంత రోడ్డు మీద నిలవడ్డడు. ట్రక్కు కనవడ్తె చెయ్యూపుతనన్నడు. ఎండకు మొహం మాడ్చుకోని వచ్చిండు."

ఏ రోజని అడగలేదు. నాకు తెలుసు.

ఆ తర్వాత ఆమె చాయ్ కప్పు తీసుకుంటూ, వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పారు. సార్ కంటి నరాలు ఎండిపోతున్నాయి. బండి బుక్ చేయకముందే డాక్టరు చెప్పాడు. దసరా దాకా నడుపుకోవచ్చు, ఆ తర్వాత బండి ముట్టకండి అని. ఇప్పటికే పక్కల నుంచి వచ్చేది కనిపించడం లేదు, స్కూటర్ అమ్మేశారు.

"అందుకే ఈ సోకు. మొత్తం బందైనంక ఏం జూస్తడు? గందుకే పైన తెరిచే బండి అడిగిండు."

సార్ లేచి వచ్చారు. గడపను కాలితో వెతుక్కుని దాటారు. నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశారు. మ్యాపు వైపు తల తిప్పి, నవ్వకుండా, కోప్పడకుండా, "నీ ట్రక్కు ఎన్నిసార్లు జహీరాబాద్ దాటినా సంగారెడ్డికి వస్తలేదు. లెక్క కుదురుతలేదమ్మా" అన్నారు. చెప్పేద్దామనుకున్నాను. కానీ లారీలవాళ్లతో ఇంతే సార్ అని ఏదో అనేసి బయటపడ్డాను. నాకు సిగ్గేసింది. ఆ సందు చివరిదాకా వేసింది, ఇంటికి వెళ్లాకా వేసింది.

సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లి, సార్ సంగతి చెప్పి, ఆయన్ను వెళ్లి తెచ్చుకోనివ్వండి అన్నాను. మొదటిసారి గొంతు పెంచాను కూడా. మేనేజరు నన్ను వింతగా చూసి ఫ్యాక్టరీకి ఫోన్ కలిపాడు. ట్రైలర్ శుక్రవారమే బయల్దేరిందట.

"సూశినవా, నువ్వు లొల్లి జెయ్యకముందే కదిలింది" అన్నాడు.

కదిలింది నిజమే. ముందు వేరే ఊరికి వెళ్లి రెండు బండ్లు దించింది. వానలకు ఒక వంతెన మీద దారి మూసేస్తే చుట్టు తిరిగింది. ఈలోపు లారీల సమ్మె మొదలైంది. హుమ్నాబాద్ దగ్గర ఒక ధాబా ముందు ఆగిపోయింది. డ్రైవరు ఊరికి వెళ్లిపోయాడు. నేను సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "హుమ్నాబాద్ కాడ ఆగింది సార్, ఎప్పుడు కదుల్తదో తెల్వదు." ఆయన "మంచిది బిడ్డా" అన్నారు. ఎప్పుడూ అనే గొంతుతోనే అన్నారు. నిజానికీ అబద్ధానికీ ఆయన దగ్గర ఒకే జవాబు మిగిలింది.

దసరా వెళ్లిన పది రోజులకు ట్రైలర్ వచ్చింది. పసుపుపచ్చ బండిని కడిగి తుడిచి ముందు పెట్టాం. సార్, ఆయన భార్య ఆటోలో వచ్చారు. ఆమె బండికి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టారు. సార్ బానెట్ మీద చెయ్యి పెట్టి, అంచు పట్టుకుని బండి చుట్టూ తిరిగారు. స్టీరింగ్ ముందు కూర్చుని కాసేపు రెండు చేతులతో పట్టుకున్నారు. తర్వాత ఆయనే దిగి పక్క సీటు వైపు నడిచారు.

"రెండు సీట్లే కద, మీరు పొండ్రి. నేను ఆటోల వస్త" అన్నారామె.

మా డ్రైవరు ముందుకొచ్చాడు. సార్ వద్దన్నారు. షోరూములో బండ్లు జరపడానికి నేనూ స్టీరింగ్ పట్టేదాన్ని, లైసెన్సు కూడా ఉంది. ఆ మాట ఎప్పుడో నేనే ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను.

"ఆ పిల్లనే తీస్కపోనియ్యి" అన్నారు.

టాపు మడిచి బయల్దేరాం. నారాయణగూడ చౌరస్తాలో జనం నిలబడి చూశారు. సార్ తల కొంచెం పైకెత్తి, గాలికి కళ్లు మూసుకుని కూర్చున్నారు. సంతోషంగానే ఉన్నారనిపించింది. చిక్కడపల్లి చౌరస్తాకు కాస్త ఇవతల ట్రాఫిక్ ఆగిపోయింది. మ్యాట్నీ వదిలినట్టున్నారు, రిక్షాలు, ఆటోలు, బస్సు అన్నీ ఒకదాన్నొకటి అడ్డుకున్నాయి. పుస్తకాలు చంకలో పెట్టుకున్న హాస్టల్ కుర్రాళ్లు ముగ్గురు బండిని చుట్టుముట్టి, "అక్కా, ఎంత స్పీడ్ పోతది?" అని అడిగారు. అంగుళం కూడా కదలని బండిలో కూర్చుని ఏం చెప్పను?

సార్ కళ్లు తెరిచి రెండు పక్కలకూ తల తిప్పారు. ఆయనకు ఏమీ కనిపించడం లేదని అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"చౌరస్తా దాటినమా బిడ్డా?"

దాటాం సార్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు అలాంటిది.

"ఇంకా లేదు సార్. ఇక్కన్నే ఆగినం."

కుర్రాళ్లు వెళ్లిపోయారు. ఆయన డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి, దుమ్ము తుడిచినట్టు మెల్లగా నిమిరారు.

"గిదే మాట ఆ దినం జెప్తె" అన్నారు, "రైలెక్కి పోయి నేనే నడుపుకుంట వచ్చేటోన్ని కద."

వెనక బస్సువాడు హారన్ కొడుతున్నాడు. ముందు దారి తెరుచుకుంది. నేను మొదటి గేరు వేశాను.