ఆ మామిడికాయల దొంగను నేనే

మా చిన్నప్పటి సారుకు మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి పోస్టులో వేశాను, ఒకటి తెలిసిన మనిషితో పంపాను, మూడోది నేనే వెళ్లి తలుపు సందులోంచి లోపలికి తోసి వచ్చాను. జవాబు లేదు. ఇక పాఠకులే నాకు దిక్కు. మా చిన్నప్పుడు నీతి అనేది వారానికి ఒక్కసారి, శుక్రవారం చివరి పీరియడ్‌లో దొరికేది. మిగతా వేళల్లో లెక్కలు, సైన్సు, తన్నులు. ఆ ఒక్క పీరియడ్ ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను వదలడం లేదంటే బోధన ఎంత గట్టిదో మీరే ఊహించండి.

మాది గట్టు అనే ఊరి దగ్గర పల్లె. ఆ పీరియడ్ చెప్పే సారుకు మేం పెట్టుకున్న పేరు నీతి సారు. బడి వెనకే ఆయన గది, గది ముందు ఆయన కొల్లాపూర్ నుంచి తెచ్చి నాటిన మామిడి అంటు. మా నేలలో జొన్న మొలిస్తేనే గొప్ప. అలాంటి చోట నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది ఆ చెట్టు మొదటిసారి ఏడు కాయలు కాసింది. సారు పొద్దున పళ్లు తోముకుంటూ వాటిని చూసుకునేవారు, సాయంత్రం బడి వదిలాక మళ్లీ చూసుకునేవారు. మేమూ చూసేవాళ్లం. చూపులో తేడా, అంతే.

ఒక బుధవారం మధ్యాహ్నం నేనూ మా క్లాసు గోళీగాడూ (అప్పుడు గుండ్రంగా ఉండేవాడు, ఇప్పుడూ ఉన్నాడు) ఆ ఏడూ తెంపాం. చెట్టు నా భుజమంతే కాబట్టి ఎక్కే పని పడలేదు. తెంపింది నేను, అంగీ చాచి పట్టింది వాడు. ఉప్పూ కారం పొట్లం కట్టి తెచ్చింది కూడా నేనే. ఎవరు ఏం చేశారో ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత పేచీ అంతా దీని మీదే వచ్చింది.

శుక్రవారం సారు బెత్తం లేకుండా క్లాసుకు వచ్చారు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

"కాయలు పోయినయని నాకు బాధ లేదు బిడ్డా. మీరు చెడిపోతున్నరని బాధ. తెంపినోడు లేసి నిలబడాలె. నిజం చెప్పినోనికి దెబ్బ పడదు, శిక్ష ఉండదు. అందరితోటి చప్పట్లు కొట్టిస్త."

నేను లేచాను. గోళీగాడు పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. సారు మాట ప్రకారం చప్పట్లు కొట్టించారు (అందరికంటే గట్టిగా కొట్టింది గోళీగాడే). చప్పట్లు ఆగాక, "రేపటి సంది రోజు పొద్దుగాల ఆ చెట్టుకు రెండు బిందెల నీళ్లు పోయాలె" అన్నారు.

"శిక్ష లేదంటిరి గద సార్."

"ఇది శిక్ష గాదు బిడ్డా. నీకు చెట్టుకు సోపతి కావాలె."

బోరింగు ఊరి ఆ చివర ఉంది. దాని చేతిపిడి కొట్టీ కొట్టీ నా అరచేతులు కాయలు కాశాయి. చెట్టు మాత్రం మరుసటి ఏడాది కాయలేదు. పదో తరగతి అయ్యేదాకా ఆ స్నేహం సాగింది. గోళీగాడు ఆ శుక్రవారమే, క్లాసులోనే లేచి, "సార్, వీడు సక్కగ పోస్తుండో లేదో నేను చూస్త" అన్నాడు. బాధ్యత తెలిసిన పిల్లవాడని సారు వాణ్ణి క్లాసు లీడర్ని చేశారు. రోజూ పొద్దున సారు తలుపు తీసేసరికి చెట్టు పక్కన నిలబడి ఉండేది వాడు. నేను బోరింగు దగ్గర ఉండేవాణ్ణి. కొంప అక్కడే మునిగింది.

ఇప్పుడు నాకు వనపర్తిలో మోటార్లు రిపేరు చేసే దుకాణం ఉంది. మా బిడ్డ ఇక్కడే తొమ్మిది చదువుతోంది. ఒకరోజు బడి నుంచి వచ్చి అన్నం తింటూ, "నాన్నా, ఇయ్యాల ఒక ముసలి సారొచ్చి విలువల క్లాసు చెప్పిండు. ఎనుకట ఒక పిల్లగాడు సారు చెట్టు కాయలు తెంపి తానే ఒప్పుకున్నడంట. గిప్పుడు పెద్ద లీడరంట" అంది. పేరు కూడా చెప్పింది. గోళీగాడి పేరు.

"ఆ పిల్లగాణ్ణి నేను" అన్నాను.

"దొంగతనం గుడ నాదేనని కొట్లాడుతవా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

గోళీగాడికి ఫోన్ చేశాను. "నాకు గుడ గిప్పుడు గట్లనే యాదికున్నది రా. అయినా సారు చెప్పినంక కాదంటె బాగుంటదా?" అన్నాడు.

ఆ నెలాఖరుకు బడిలో తల్లిదండ్రుల సభ జరిగింది. వేదిక మీద నీతి సారే. మళ్లీ అదే కథ, అదే పేరు. నేను లేచి నిలబడ్డాను. "సార్, తెంపింది నేను. ఒప్పుకున్నది గుడ నేనే."

సారు కళ్లద్దాలు సర్దుకుని నా వైపు జాలిగా చూశారు. "కూసో నాయనా" అని పిల్లల వైపు తిరిగారు. "చూసిండ్రా బిడ్డలూ. ఇంకొకని మంచితనం మనదని చెప్పుకోవాలని మనిషికి ఆశ పుడ్తది. అసోంటిది మనం చెయ్యొద్దు. కానీ పాపం, పెద్దమనిషి ధైర్యంగ లేసిండు. చప్పట్లు కొట్టుండ్రి."

కొట్టారు. మూడో వరసలో మా బిడ్డ మాత్రం తల దించుకుని కూర్చుంది.

బండి మీద ఇంటికి వస్తున్నాం. సగం దారిలో మా బిడ్డ వెనక నుంచి, "నేను నమ్ముతున్న నాన్నా" అంది. "అబద్ధం ఆడేటోడు ఇంకేదన్న పెద్దది చెప్పుకుంటడు గని, మామిడికాయల దొంగనని చెప్పుకుంటడా?" ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే అడిగింది. "మరి అందరు కూసుంటె నువ్వొక్కనివే ఎందుకు లేసినవ్?"

నిజం కోసం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నమ్మిన బిడ్డతో ఆ మాట అనలేకపోయాను. "సొన అంటి మూతి కాలింది. శుక్రవారం కల్ల పెదవి పక్కన నల్లగ మచ్చ లేసింది. గోళీగాడు కాయ కడుక్కొని తిన్నడు, నేను ఆగలె. సారు నా దిక్కే చూసుకుంట అడిగిండు."

ఆమె నవ్విన నవ్వుకు బండి ఊగింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అడిగింది. "మచ్చ లేకుంటె లేస్తుంటివా?"

ఇన్నేళ్లుగా బిందెలూ చప్పట్లూ తలుచుకుని కుమిలిపోయాను గానీ, ఆ ప్రశ్న నన్ను నేను ఎన్నడూ అడగలేదు. ముందు లారీ ఉందని చెప్పి తప్పించుకున్నాను. ఆ వారమే మొదటి ఉత్తరం రాశాను.

ఆ పిల్లవాడు బల్ల మీంచి లేవడం ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అయినా లేచాడు. మూతి మీద మచ్చ పెట్టుకుని కూడా లేవనివాళ్లు లేరా ఏం, అనిపిస్తుంది. కానీ ఆ మాట నా అంతట నేను నా బిడ్డకు చెప్పుకుంటే బాగుండదు. ఇది మీ కంట పడితే, అది మీరు చెప్పాలి సార్. ఒక్క కార్డు ముక్క చాలు. ఆ రోజు మీరు నా మచ్చ చూశారా లేదా, లేచింది ఎవరు, రాసి పంపండి.