నా కుర్చీలో బొమ్మ

ఐటీ మంచి ఊపు మీదున్న రోజుల్లో దేశం కాని దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో నా ఉద్యోగం. మనిషి ముఖం ఇంటర్నెట్‌లో కదులుతూ కనబడేలా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. పరీక్ష కోసం కెమెరా ముందు గంటల తరబడి కూర్చునే ఓపిక ఎవరికీ లేక, బట్టల షాపు బొమ్మనొకదాన్ని తెచ్చి లైట్ల కింద కూర్చోబెట్టారు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. వేడికి దాని చెంప మీద రంగు పెచ్చులూడుతుండేది.

మా హైదరాబాదీ సీనియర్ మాత్రం నవ్వేవాడు. "టీవీ కనిపెట్టినప్పుడు గూడ ముందుగాల బొమ్మ మొకమే చూపిచ్చిండ్రు తమ్మీ. ఆ లైట్ల వేడికి మనిషి కూసోలేడు గద. బొమ్మకే ఎంటికలు మాడినయట."

ఒకరోజు మధ్యాహ్నం మీటింగ్ ఉంది. ఇక్కడ తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేస్తారు, అంటే ఆపుకుంటారు కదా, నేనూ అలాగే మీటింగ్ గదిలో కిటికీ పక్క కుర్చీలో బొమ్మను కూర్చోబెట్టి, దాని మెడలో నా ఆఫీసు కార్డు వేసి తినడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మీటింగ్ మొదలైపోయింది. ఇంకెక్కడో వేరే దేశంలో కూర్చున్న బాస్ తెర మీద నుంచి మా గదిని చూస్తున్నాడు. ఆయనంటే మావాళ్లకు హడల్.

నేను గుమ్మంలోనే ఆగాను. ఆయన కళ్లు ఒక్కొక్క కుర్చీనీ దాటుకుంటూ వెళ్లి, బొమ్మ దగ్గర కూడా ఆగకుండా సాగిపోయాయి.

"గుడ్. ఎవ్రీబడీ ఈజ్ హియర్. డోర్ క్లోజ్ చెయ్యండి."

తలుపు పక్కనున్న సీనియర్ నన్ను చూశాడు. ఈసారి నవ్వలేదు. లేచి, నా ముఖం మీదే తలుపు మూశాడు.