సరుకు: శ్రీ మూర్తి గారు

ఈ రోజు క్యాంటీన్ గారెలో చిల్లే ఎక్కువ. అంతకన్నా చిరాకు మా షిప్పింగ్ ఆఫీసుకు కంప్యూటరుతో పాటు కొత్తగా వచ్చిన కుర్రాడు మూర్తి. ఇన్నేళ్లూ కలకత్తా నుంచి టెలెక్సులో వచ్చే ఆర్డర్లు చదివి, సరుకు, రకం, బరువు విడదీసి రాసింది నేనే.

"ఇక నీతో పనేటి తాతా, మెషినే సదివేత్తాది. ఇంటికెళ్లి మనవల్నాడించుకో," అని పోయిన వారం నా కుర్చీ లాక్కున్నాడు.

ఈ రోజు మేనేజరు ముందే మెషిను అచ్చేసింది: సరుకు, శ్రీ మూర్తి గారు. రకం, తుక్కు ఇనుము.

"నాను సదివుంటే మనిషనే రాసేవోడ్ని బాబూ," అన్నాను.

మేనేజరు నవ్వాపుకుని నా కుర్చీ నాకిప్పించాడు.

టెలెక్సు మొదటి వరుసలో ఏదుంటే అదే సరుకనుకుంటుంది ఆ మెషిను. ఆ వరుసలో మర్యాదగా మూర్తి పేరు కొట్టమని కలకత్తా ఆపరేటరుకు నిన్న ఫోను చేసింది నేనే. తప్పంటారా?